క్రికెట్ పుట్టుక: మైదానంలో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

నల్లగొండలో పిల్లలకు క్రికెట్ నేర్పే పనిలో ఉన్న నాకు, బ్యాట్ ఎలా పట్టుకోవాలన్న ప్రశ్న ఎంత తరచుగా ఎదురవుతుందో, ఈ ఆట ఎట్లా పుట్టిందన్న ప్రశ్న కూడా అంతే తరచుగా ఎదురవుతుంది. అడిగే పిల్లల దగ్గర అప్పటికే కొన్ని జవాబులు ఉంటాయి. వాటిలో తప్పులను సరిదిద్దడం కూడా కోచ్ బాధ్యతేనని నేను నమ్ముతాను.

అపోహ: క్రికెట్ మన చిర్రగోనె నుంచే పుట్టింది.

గోనెతో చిర్రను గాలిలోకి లేపి కొట్టడం అలవాటైన పిల్లవాడికి బంతి మీద చూపు నిలపడం కొత్తగా నేర్పనక్కర్లేదు కాబట్టి చిర్రగోనె అంటే నాకు ఎంతో ఇష్టం. అయినా ఒక ఆట నుంచి మరొకటి పుట్టిందనడానికి ఆధారం లేదు. క్రికెట్ గురించి దొరికిన తొలి స్పష్టమైన ఆధారం ఇంగ్లండ్‌లోని గిల్డ్‌ఫర్డ్ పట్టణానిది. అక్కడ ఒక జాగా ఎవరిదన్న తగాదా కోర్టుకెక్కగా, 59 ఏళ్ల జాన్ డెరిక్ 1598 జనవరిలో సాక్ష్యమిస్తూ, బడికి పోయే రోజుల్లో తానూ తోటి పిల్లలూ ఆ జాగాలో క్రికెట్ ఆడేవాళ్లమని చెప్పాడు. అంటే 1550 నాటికే అది బడిపిల్లల ఆట.

అపోహ: 22 గజాల పిచ్ ఎవరికో తోచిన అంకె.

ఈ ప్రశ్న వచ్చినప్పుడు నేను ముందు పిల్లల చేత టేపు పట్టిస్తాను. స్టంపుల నుంచి స్టంపుల దాకా 20.12 మీటర్లు, అంటే 66 అడుగులు వస్తుంది. భూమి కొలతలో గుంటకు ఒక్కో వైపు 33 అడుగులని రైతుబిడ్డలకు తెలుసు కాబట్టి, రెండు గుంటలను పక్కపక్కన పెడితే వచ్చే పొడవే పిచ్ అనగానే వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. ఇంగ్లండ్‌లో భూమి కొలిచే గొలుసు పొడవు కూడా సరిగ్గా 22 గజాలే. గొలుసు వెడల్పు, పది గొలుసుల పొడవు ఉన్న నేల ఒక ఎకరం. 1744లో తొలిసారి రాసిన నియమాల్లోనే ఈ కొలత ఉంది. మనం కొలిచే ఎకరానికీ మనం పరిచే మ్యాట్‌కూ ఒకే కొలత మూలమన్న సంగతి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

అపోహ: బ్యాట్, స్టంపులు మొదటి నుంచీ ఇట్లాగే ఉన్నాయి.

బంతిని నేల మీద దొర్లించిన కాలంలో బ్యాట్ హాకీ కర్రలా కింద వంపు తిరిగి ఉండేది. బంతి గాలిలో వచ్చి పడి లేవడం మొదలయ్యాక అది నిటారుగా మారింది. 1771లో థామస్ వైట్ అనే ఆటగాడు వికెట్ మొత్తాన్ని కప్పేసేంత వెడల్పు బ్యాట్‌తో దిగడంతో వెడల్పును నాలుగుంబావు అంగుళాలకు పరిమితం చేశారు. హాంబుల్డన్ క్లబ్ అయితే బ్యాట్లు సరిచూడటానికి ఒక ఇనుప చట్రమే చేయించింది. అప్పట్లో స్టంపులు రెండే. 1775లో లంపీ స్టీవెన్స్ వేసిన బంతులు జాన్ స్మాల్‌ను దాటి, రెండు స్టంపుల నడుమ నుంచి దేన్నీ తాకకుండా వెళ్లిపోయాయి. మంచి బంతికి ఫలితం దక్కకపోవడం అన్యాయమనిపించాకే మధ్య స్టంపు వచ్చింది.

అపోహ: చేయి పైకెత్తి వేసే బౌలింగ్ ఒక అమ్మాయి గౌను వల్ల పుట్టింది.

వెడల్పాటి గౌను అడ్డు రావడంతో క్రిస్టినా విల్స్ చేయి ఎత్తి బంతి వేసిందన్న కథ అందంగానే ఉంటుంది. కానీ ఆ రోజుల్లో అంత వెడల్పు గౌన్ల వాడుకే లేదు. పైగా టామ్ వాకర్ అనే ఆటగాడు అంతకు ముందే ఆ ప్రయత్నం చేశాడు. చేయి ఎత్తి వేసినందుకు ఆమె అన్న జాన్ విల్స్‌కు 1822లో లార్డ్స్‌లో నో బాల్ ఇచ్చారన్నది మాత్రం నిజం. చేయిని భుజం ఎత్తు దాకా లేపడాన్ని 1835లో, భుజం కంటే పైకి లేపడాన్ని 1864లో నియమాలు అనుమతించాయి.

అపోహ: అమ్మాయిలు ఈ ఆటలోకి ఈమధ్యనే వచ్చారు.

కూతురిని చేర్పించడానికి వచ్చి, మగపిల్లల ఆట కదా అని సంకోచించే తల్లిదండ్రులకు నేను 1745 జులై 26 గురించి చెబుతాను. ఆ రోజు గిల్డ్‌ఫర్డ్ దగ్గరే, గోస్డెన్ కామన్ అనే పచ్చికలో, బ్రామ్లీ, హాంబుల్డన్ (పైన చెప్పిన క్లబ్ ఊరు కాదు, అదే పేరున్న మరో పల్లె) అనే రెండు పల్లెల అమ్మాయిలు పదకొండు మంది చొప్పున తెల్లని దుస్తుల్లో ఆడారు. హాంబుల్డన్ అమ్మాయిలు 127 పరుగులు, బ్రామ్లీ అమ్మాయిలు 119 పరుగులు చేశారు.