డ్రమ్స్ ఎక్కడా దాచలేదు

చిన్నీకి, బాబీకి, వాళ్ళ వెనకాల చేరి ఈ ఉత్తరం తొంగి చూస్తున్న మిగతా పిల్లలకీ,

మీ ప్రశ్న అందింది. "ఆ అయిదుగురు ఆడవాళ్ళు పాడుతుంటే డ్రమ్స్ వినిపిస్తున్నాయి, స్టేజీ మీద మాత్రం కనపడటం లేదు. ఎక్కడ దాచారు తాతయ్యా?" అని అడిగారు. ఎక్కడా దాచలేదర్రా! అంతా నోటితోనే.

మీరు చూసింది జాప్ మామా బృందం పాత వీడియో. బెల్జియం వాళ్ళు. ఇలా వాయిద్యాల్లేకుండా గొంతులతోనే పాడటాన్ని అకపెల్లా అంటారు. పెదాలు గట్టిగా మూసి ఒక్కసారిగా గాలి వదిలితే "బుప్" అంటుంది. పళ్ళ సందులోంచి వదిలితే "త్స్" అంటుంది. ఇప్పుడే చేసి చూడండి. ఏమిటీ గోల అని అమ్మ అంటే ఈ ఉత్తరం చూపించండి.

అయితే ఒక్కరు చేస్తే అది చప్పుడే. అయిదుగురు కలిస్తే పాట ఎలా అవుతుంది? మీకు స్కిప్పింగ్ తెలుసుగా. ఒక్కరే గెంతేది కాదు, ఇద్దరు పొడవాటి తాడు తిప్పుతుంటే మిగతావాళ్ళు ఒక్కొక్కరే లోపలికి దూకేది. ఈ పాటలో తాడు తిప్పేది కింది గొంతు. నాలుగైదు పలుకుల చిన్న ముక్క, అదే మళ్ళీ మళ్ళీ. ఎవరు లోపలికొచ్చినా, ఎవరు బయటికి పోయినా ఆ తిప్పడం ఆగదు. తాడు పైకి లేచిన క్షణం చూసుకుని రెండో ఆవిడ దూరుతుంది. వాళ్ళిద్దరి మధ్య మిగిలిన సందులో మూడో ఆవిడ. మరి తాడు తిప్పేవాళ్ళకి చెయ్యి నొప్పెడితే? ఆట ఆపం కదా, పక్కవాళ్ళు తాడు కొస అందుకుంటారు. ఇక్కడా అంతే, ఒకరికి ఊపిరి అయిపోయే చోట ఇంకొకరు అందుకుంటారు. లోపలున్నవాళ్ళు ఊరికే గెంతరుగా! ఒకరు గిర్రున తిరుగుతారు, ఒకరు ఒంటికాలి మీద గెంతుతారు. మీకు వినిపించిన పిట్టకూతలు, నవ్వులు, ఆ వింత అరుపులు అవే.

మా చిన్నప్పుడు తాడాట ఆడపిల్లలది. మేం గోడెక్కి కూర్చుని వెక్కిరించేవాళ్ళం. లోలోపల మాత్రం దూకాలని ఉండేది. మా పెద్దమ్మ కూతురు ఓ సాయంత్రం నన్ను చెవి పట్టుకుని దింపి తాడు పక్కన నిలబెట్టింది. "కళ్ళు మూసుకోరా. తాడు చూడకు, నేలకి తగిలే చప్పుడు విను. దాని తర్వాత కొంచెం ఖాళీ వస్తుంది, అందులోకి దూకు" అంది. దూకాను, తాడు కాలికి తగల్లేదు! ఆవిడ రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేస్తే పావురాలన్నీ లేచిపోయేవి. పెద్దవాళ్ళు కోప్పడితే ఇంకోసారి వేసేది. సరే, ఆవిడ సంగతులు చెబుతూ కూర్చుంటే ఉత్తరం పూర్తి కాదు. క్లాసులో అందరూ ఒకేసారి మాట్లాడతారే, అప్పుడు ఆ ఖాళీ సంగతి కాస్త గుర్తు తెచ్చుకోండి.

జాప్ మామాని 1990 ప్రాంతంలో మొదలుపెట్టింది మారీ డోల్న్. 1964లో కాంగోలోని ఇసిరోలో పుట్టింది. అమ్మ కాంగో మనిషి, నాన్న బెల్జియం మనిషి. అక్కడ తిరుగుబాటు జరుగుతున్న రోజులవి, నాన్నని చంపేశారు. తల్లీ పిల్లలు అడవిలోకి పారిపోతే, బయటివాళ్ళు పిగ్మీలని పిలిచే అడవి మనుషులు దాచి కాపాడారు. తర్వాత వాళ్ళు బెల్జియం చేరారు. మారీ పెద్దదయ్యాక మళ్ళీ కాంగో వెళ్ళి ఆ అడవివాళ్ళ పాట నేర్చుకుంది. ఒక్కొక్కరు ఒక్కో చిన్న ముక్క పట్టుకుని అల్లుకుంటూ పోయే పాట అది. బ్రసెల్స్‌కి తిరిగొచ్చి తనలాంటి గొంతులను వెతుక్కుంది. కామెరూన్‌లో పుట్టిన సాలీ న్యోలో అలా కలిసినావిడే. అడవి పిలుపులు, ఫ్రెంచి మాటలు, క్యూబా పాటల నడక, అన్నీ ఆ తాడులోకే దూకాయి. 1997 ఆల్బమ్ నాటికి వాయిద్యాలు, మగ గొంతులు కూడా చేరాయి. అదీ బాగుంటుంది కానీ నా ఓటు పాతదానికే.

ఇంకోటి. ఈ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో మారీ దాచలేదు. మీరూ ఎవరి దగ్గరైనా ఏదైనా నేర్చుకుంటే వాళ్ళ పేరు చెప్పండి. పక్కవాడి హోంవర్క్ చూసి రాయడం మాత్రం నేర్చుకోవడం కిందకి రాదు.

మగవాళ్ళంత కిందికి ఆడగొంతులు దిగవు కాబట్టి ఇలాంటి బృందాల్లో గొంతులన్నీ దగ్గరదగ్గరగా నడుస్తాయి. బల్గేరియా ఆడవాళ్ళయితే మరీ ఆనుకుని పాడతారు. 1952లో అక్కడి రేడియో కోసం ఏర్పడిన ఆడవాళ్ళ బృందం ఉంది, 1990లో గ్రామీ అనే పెద్ద సంగీత బహుమతి కూడా గెలిచింది. అది వింటే నా తాడు పోలిక తెగిపోతుంది. ఎవరూ సందు కోసం చూడరు, భుజాలు రాసుకుంటూ నిలబడతారు. మీరిద్దరూ ఒకే శ్రుతిలో "ఊఁ" అనండి. తర్వాత బాబీ తన శ్రుతిని కొంచెం, కొంచెమే, పైకి జరపాలి. గాలి గజగజ వణుకుతుంది చూడండి. ఎందుకని నన్నడగకండి, ముందు ఆ వణుకు వినండి.

1977లో వాయేజర్ అంతరిక్ష నౌకలు రెండూ బంగారు పూత పూసిన రికార్డులతో వెళ్ళాయి. ఈశాన్య కాంగోలోనే ఉన్న ఇటూరి అడవి ఆడపిల్లల పాట అందులో ఉంది. నిమిషం కూడా ఉండదు. మారీ వాళ్ళని దాచింది ఇలాంటి పాటలు పాడే మనుషులే. ఆ ఆడపిల్లల గొంతులు ఇప్పుడు గ్రహాలన్నిటినీ దాటిపోయాయి! ఇది ఎలా చెప్పాలో నాకు తెలీదర్రా.

ఆదివారం టీవీ కట్టేసి అందరూ గుండ్రంగా కూర్చోండి. చిన్నీ "బుప్" తిప్పుతూ ఉండాలి. బాబీ ఖాళీలో "త్స్" అనాలి. మిగతావాళ్ళు ఒక్కొక్కరే ఏదో ఒక కూనిరాగంతో దూకండి. గొంతు బాగోలేదని ఎవరినీ పక్కన కూర్చోబెట్టకండి, వాళ్ళకి "బుప్" ఇవ్వండి. తాడు ఎక్కడా ఆగకుండా పదిసార్లు తిరిగితే ఫోన్లో రికార్డు చేసి నాకు పంపండి.

మీ తాతయ్య