మా లైన్ పెట్టెలే కొంటాం అనేవాళ్ల కోసం: మోడల్ రైల్వే అపోహలు - వాస్తవాలు

"అన్నా, నేను పెన్సిల్వేనియా రైల్‌రోడ్ ఫ్యాన్‌ని, బర్త్‌డేకి ఎవరో శాంటా ఫే అనే వేరే రైల్వే కంపెనీ బాక్స్‌కార్ (మూసి ఉండే గూడ్స్ పెట్టె) ఇచ్చారు, నా బండికి తగిలించొచ్చా లేక రిటర్న్ చేసెయ్యనా?" ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది నాకు. ఇక్కడ పెన్సిల్వేనియాలో ఒక హాబీ షాపులో రిపేర్ బెంచ్ నాది. డీకోడర్లు (ఇంజన్‌లో పెట్టే కంట్రోల్ చిప్‌లు) పెట్టడం, కప్లర్లు (పెట్టెల్ని కలిపే కొక్కేలు) మార్చడం, అరిగిన గేర్లు తియ్యడం, ఇదే పని. తెలుగువాళ్లు ఈ హాబీలోకి బాగానే వస్తున్నారు ఈ మధ్య, పిల్లాడి పేరు చెప్పి మొదలుపెడతారు, ఆర్నెల్లకి పిల్లాడు వీడియో గేములకి పోతాడు, నాన్న మాత్రం బేస్‌మెంట్‌లోనే ఉండిపోతాడు. సంతోషమే. కాకపోతే ఎక్కడో విన్న మాటలు పట్టుకుని డబ్బు తగలేస్తున్నారు, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: ఫలానా లైన్ (అంటే రైల్వే కంపెనీ) నా ఫేవరెట్ అంటే బండిలో ప్రతి పెట్టె మీదా ఆ లైన్ పేరే ఉండాలి.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. మీరు అభిమానించే ఆ లైన్ మీద నిజంగా నడిచిన గూడ్స్ బండి అలా ఉండేది కాదు. అమెరికాలో రైల్వేలు వందల కొద్దీ ప్రైవేట్ కంపెనీలు, కానీ పట్టాలు ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి, పెట్టెలు ఎక్కడికైనా పోతాయి. దీన్నే ఇంటర్‌చేంజ్ అంటాం. ఒరెగాన్‌లో కలప ఎక్కిన నార్తర్న్ పసిఫిక్ బాక్స్‌కార్ చేతులు మారుతూ షికాగో దాకా వచ్చి, అక్కడ పెన్సీ (పెన్సిల్వేనియా రైల్‌రోడ్ ముద్దుపేరు) బండికి తగులుకుని ఫిలడెల్ఫియాలో దిగుతుంది, సరుకు దించి మళ్లీ ఎక్కించడం ఉండదు. ఖాళీ అయ్యాక కూడా దాన్ని ఊరికే వెనక్కి పంపరు, ఇంటి దిక్కుగా పోయే లోడ్ ఏదైనా దొరుకుతుందేమో చూసి ఎక్కిస్తారు. మన విజయవాడ స్టేషన్‌లో నిలబడి ఒక బీసీఎన్ రేక్ (మూసి ఉండే గూడ్స్ పెట్టెల బండి) పోతుంటే పెట్టెల మీద అక్షరాలు చదవండి, దక్షిణ మధ్య రైల్వేది ఒకటి, తూర్పు తీరానిది ఒకటి, ఎక్కడో ఉత్తర రైల్వేది ఇంకొకటి, అంతా కలగాపులగం. అలాగని అది విజయవాడ బండి కాకుండా పోతుందా? ఇక్కడా అంతే, తేడా అల్లా అక్కడ ఓనర్ ఒక్కడే, ఇక్కడ ఓనర్లు వేరువేరు కాబట్టి లెక్కలు ఉండేవి. పక్క కంపెనీ పెట్టె నీ లైన్ మీద ఉంటే రోజుకి ఇంత అని అద్దె కట్టాలి, దాన్ని పెర్ డైమ్ అనేవాళ్లు, రాత్రి పన్నెండింటికి పెట్టె ఎవరి పట్టాల మీద ఉంటే ఆ రోజు అద్దె వాళ్ల నెత్తిన. అందుకే పదకొండున్నరకి యార్డులో హడావుడి, ఎలాగోలా ఆ పెట్టెల్ని పక్కవాడి లైన్‌లోకి తోసెయ్యాలని. ఆపరేటింగ్ సెషన్ (నిజం రైల్వేలా బండ్లు నడిపే సరదా) పెట్టుకునేవాళ్లు ఈ ఆట ఆడి చూడండి, ఒక్క ఇంటర్‌చేంజ్ ట్రాక్ ఉంటే చాలు, ఏ ఖరీదైన ఇంజనూ ఇంత మజా ఇవ్వదు.

ఆ మధ్య ఒకాయన పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చాడు, అన్నిటికీ కేడీ కంపెనీ కప్లర్లు వెయ్యమని. బెంచ్ మీద ఫోమ్ పరిచి ఒక్కోటీ బయటికి తీస్తున్నా, అన్నీ పెన్సీవే, అన్నీ 40 అడుగుల ఎర్ర బాక్స్‌కార్లే, మొత్తం పరిచేసరికి బెంచ్ ఎర్రగా అయిపోయింది. భూతద్దం పెట్టి చూస్తే మూడు పెట్టెల మీద ఒకటే నంబర్. ఆన్‌లైన్‌లో ఒకే కేటలాగ్ నంబర్ మూడుసార్లు కొన్నాడన్నమాట, మరి నంబర్ ఎలా మారుతుంది? నిజం రైల్వేలో ఒకే నంబర్‌తో రెండు పెట్టెలు ఉండవు కదా అన్నా. ఆయన మొహం చూస్తే పాపం అనిపించింది, "మేం ఉండేది ఆల్టూనా దగ్గరే అన్నా, హార్స్‌షూ కర్వ్‌కి (పెన్సీ కట్టిన పేరున్న మలుపు) ప్రతి వీకెండ్ పోతాం, వేరే లైన్ పెట్టె పెడితే క్లబ్బులో నవ్వుతారేమో అని" అన్నాడు. నవ్వరు. అసలు తెలిసినవాళ్లు ఎవరైనా నవ్వితే ఆ ఎర్ర వరస చూసే నవ్వుతారు. కొన్ని ఉంచుకో, ఆ మూడింట్లో రెండిటికి డెకాల్స్‌తో (అంటించే అక్షరాలు) నంబర్ మార్చుకుందాం, మిగతావి ట్రైన్ షోలో మార్చేసి న్యూయార్క్ సెంట్రల్, సదరన్, మిల్వాకీ రోడ్, బాల్టిమోర్ అండ్ ఒహాయో పెట్టెలు తెచ్చుకో అని చెప్పి పంపా.

మరి ఎన్ని మనవి, ఎన్ని పక్కవాళ్లవి? మామూలు బాక్స్‌కార్ల వరకు ప్రోటోటైప్ మోడలర్లలో (నిజం రైల్వేని ఉన్నదున్నట్టు చేసేవాళ్లలో) ఒక లెక్క చలామణీలో ఉంది. దేశం మొత్తం బాక్స్‌కార్లలో ఏ కంపెనీ వాటా ఎంతో, ఏ పెద్ద లైన్ మీద చూసినా సుమారు అదే పాళ్లలో ఆ కంపెనీ పెట్టెలు కనిపిస్తాయని. పాత కండక్టర్ల బండి పుస్తకాలు తిరగేసి తేల్చిన మాట ఇది, వేదవాక్కు కాదు కానీ చెయ్యి పట్టుకుని నడవడానికి సరిపోతుంది. అంటే ఏంటి, పెన్సీకి, న్యూయార్క్ సెంట్రల్‌కి పెట్టెలు బోలెడు కాబట్టి కాన్సస్‌లో శాంటా ఫే మోడల్ చేసేవాడి లేఅవుట్ (పట్టాలు పరిచిన మోడల్) మీద కూడా అవి ఉండాలి, లేకపోతేనే వింత. పైన చెప్పిన బర్త్‌డే గిఫ్ట్‌కి సమాధానం వచ్చేసిందిగా, తగిలించెయ్ తమ్ముడూ.

ఈ లెక్క అన్నిటికీ పనికిరాదు, జాగ్రత్త. బొగ్గు హాపర్లు ఎక్కువగా తమ లైన్ మీది గని నుంచి తమ లైన్ రేవుకి తిరిగేవే, కాబట్టి వాటిలో మీ లైన్ పేరే ఎక్కువ ఉండనివ్వండి. కబూస్ (చివర గార్డు పెట్టె) సొంతదే. స్టీమ్ కాలంలో ఇంజన్ దాదాపు ఎప్పుడూ సొంతదే. ట్యాంక్ కార్ల సంగతి దీనికి రివర్సు, అవి చాలావరకు రైల్వే కంపెనీలవి కావు, రిపోర్టింగ్ మార్క్ (పెట్టె మీది ఓనర్ పొట్టి అక్షరాలు) చివర ఎక్స్ ఉంటే ఓనర్ బయటివాడని గుర్తు, యూటీఎల్ఎక్స్ అలాంటిదే. కాలిఫోర్నియా నుంచి లెట్యూస్, కమలాలు తెచ్చే నారింజ రంగు పీఎఫ్ఈ (పసిఫిక్ ఫ్రూట్ ఎక్స్‌ప్రెస్) రీఫర్లు, అంటే చల్లగా ఉంచే పెట్టెలు, యూనియన్ పసిఫిక్, సదరన్ పసిఫిక్ కలిసి పెట్టుకున్న కంపెనీవి, కానీ అవి తూర్పు తీరం దాకా వచ్చేవి, పెన్సీ బండిలో నాలుగు తగిలిస్తే కళ్లు తిప్పుకోలేరు. ప్యాసింజర్ బండి కూడా గిరి గీసుకుని ఉండేది కాదు, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కొన్నేళ్లపాటు న్యూయార్క్‌లో ఎక్కితే షికాగోలో దిగకుండా అదే స్లీపర్ పెట్టెలో లాస్ ఏంజెలెస్ పోయేవాళ్లు, పెన్సీ వాళ్లు లాక్కొచ్చిన పెట్టెని శాంటా ఫే వాళ్లు అందుకునేవాళ్లు.

అపోహ: లైన్ ఒకటే అయితే చాలు, కాలంతో పనిలేదు.

ఇది కూడా జేబుకి బాగానే చిల్లు పెడుతుంది. కే4 స్టీమ్ ఇంజన్ వెనక డబుల్ స్టాక్ కంటైనర్లు, పక్క ట్రాక్ మీద కాన్‌రైల్ నీలం డీజిల్, అన్నీ "మన లైనే కదా" అని. మన లైనే, కానీ తాత పెళ్లి ఫొటోలో మనవడు నిలబడడు కదా. పెన్సీలో మామూలు సర్వీసుకి స్టీమ్ 1957లో అయిపోయింది. 1968 ఫిబ్రవరిలో పెన్సీ, న్యూయార్క్ సెంట్రల్ కలిసి పెన్ సెంట్రల్ అయ్యాయి, అది 1970లో దివాలా తీసింది, 1976లో కాన్‌రైల్ వచ్చింది, 1999లో దాన్ని కూడా సీఎస్ఎక్స్, నార్ఫోక్ సదరన్ పంచుకున్నాయి. ఇందులో ఒక ముక్క ఎంచుకోండి, పదేళ్లదైనా పర్లేదు. పెట్టె కొనేముందు పక్కన చిన్న అక్షరాలు చదవండి, బీఎల్‌టీ (బిల్ట్) అని పక్కన నెలా సంవత్సరం ఉంటుంది, అదే ఆ పెట్టె పుట్టినరోజు. 1966 తర్వాత కొత్తగా కట్టిన బాక్స్‌కార్లకి పైకప్పు మీద నడిచే పలక ఉండదు, అది లేని పెట్టె కే4 వెనక కనిపిస్తే ఎక్కడో లెక్క తప్పినట్టే. నాకు ఒక ముక్కకి కట్టుబడటం నచ్చదు అనేవాళ్లకి మాత్రం జీజీ1 ఎలక్ట్రిక్ ఇంజన్ కొనుక్కోమంటా, 1934లో మొదలై పెన్సీ, పెన్ సెంట్రల్, తర్వాత ఆమ్‌ట్రాక్, కాన్‌రైల్, చివరికి న్యూజెర్సీ ట్రాన్సిట్ దాకా 1983 వరకు నడిచింది, వేషం మార్చుకుంటే చాలు. ఇప్పటి కాలమే కావాలి, పెన్సీ పేరూ కావాలి అంటే అదీ ఉంది, నార్ఫోక్ సదరన్ 2012లో పాత కంపెనీల రంగులు వేసిన 20 ఇంజన్లలో 8102 నంబర్‌ది పెన్సీ వేషమే. ఆధునిక కాలంలో ఇంజన్లు కూడా కంపెనీలు దాటి తిరుగుతాయి కాబట్టి అక్కడ మీకు చాలా స్వేచ్ఛ.

అపోహ: డబ్బా మీద మన లైన్ పేరు ఉంది కాబట్టి మోడల్ కరెక్టే.

కాదు. ఒకే అచ్చు తీసి ఇరవై లైన్ల రంగులు వేసి అమ్మడం ఈ వ్యాపారంలో మొదట్నుంచీ ఉంది, ఆ రకం పెట్టె ఆ లైన్ దగ్గర ఎప్పుడూ లేకపోయినా సరే. ఇక్కడ వాటిని ఫూబీ అని వెక్కిరిస్తారు. పిల్లలు నడపడానికైతే ఏం కాదు, ఆనందంగా నడపండి. కానీ పెన్సీ ఎక్స్29 బాక్స్‌కార్ అనుకుని డబ్బు పెట్టేముందు ఆ లైన్ హిస్టారికల్ సొసైటీవాళ్ల ఫొటోలు ఒక్కసారి చూడండి, దాదాపు ప్రతి పెద్ద లైన్‌కీ ఒక సొసైటీ ఉంది, అడిగితే విసుక్కోకుండా చెప్తారు, వాళ్లకి అంతకంటే వేరే సుఖం లేదు.

ఇక మిగతావి గబగబా.

లిమిటెడ్ రన్, మన లైన్‌ది, దాచిపెడితే రేటు పెరుగుతుంది అంటారు. అబ్బా. పెద్దాయన పోయాక ఇంట్లోవాళ్లు అట్టపెట్టెలు మోసుకుని షాపుకి వస్తే వాళ్లకి రేటు చెప్పేటప్పుడు నాకు నోరు రాదు. ఇది బంగారం కాదు, నడపడానికి కొనండి.

యూనియన్ పసిఫిక్ పేరు వేస్తే కేసు పెడతారట. మోడల్ కంపెనీల దగ్గర ఫీజు వసూలు చెయ్యాలని చూసింది నిజమే, కోర్టు దాకా వెళ్లింది, 2006లోనే సద్దుమణిగింది. ఆ గొడవ కూడా తయారు చేసి అమ్మేవాళ్లతోనే, మీ బేస్‌మెంట్‌లో మీరు అంటించుకునే డెకాల్ జోలికి ఎవడూ రాడు.

వేరువేరు కంపెనీల మోడల్స్ కలిపి నడవవట. స్కేల్ ఒకటైతే నడుస్తాయి, చక్రాలకీ పట్టాలకీ డీసీసీకీ (డిజిటల్ కంట్రోల్) ఎన్ఎంఆర్ఏ (అమెరికా మోడల్ రైల్వే సంఘం) స్టాండర్డ్లు ఉన్నది అందుకే. కప్లర్ల ఎత్తు ఒక్కటి గేజ్‌తో చూసుకోండి.

నిజం లైన్ లేకపోతే సీరియస్ మోడలర్ కాదట. కాలిఫోర్నియాలో జాన్ అలెన్ కట్టిన గోరీ అండ్ డెఫీటెడ్ పూర్తిగా ఊహలో పుట్టిన లైను, పేరులోనే జోకు ఉంది (పలికితే "నెత్తురోడి ఓడిపోయింది" అని ఇంగ్లీషులో వినిపిస్తుంది), ఈ హాబీలో దానంత పేరు తెచ్చుకున్న లేఅవుట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆలెన్ మెక్‌క్లెలండ్ వర్జీనియన్ అండ్ ఒహాయో కూడా కల్పితమే. దాని కిటుకేంటంటే, ఊహాలైన్‌ని నిజం లైన్లతో ఇంటర్‌చేంజ్ చేయించాడు, పక్కవాళ్ల పెట్టెలు వస్తుంటే కల్పితం కూడా నిజంలా కనిపిస్తుంది. చూశారా, తిరిగి తిరిగి అక్కడికే వచ్చాం.

ఇంకొకటి, "మనం తెలుగువాళ్లం, మనకి పెన్సీ ఏంటి శాంటా ఫే ఏంటి, ఈ అభిమానాలు తెల్లవాళ్లవి" అని ఇంట్లో సాధించేవాళ్లు ఉంటారు. కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన షాపుకి వచ్చారు ఒకరోజు, కాజీపేట డీజిల్ షెడ్‌లో రిటైర్ అయ్యారట. నేను పెన్సీ రంగులో ఉన్న ఆల్కో కంపెనీ సీ628 డీజిల్ మోడల్‌కి సౌండ్ డీకోడర్ పెట్టి టెస్ట్ ట్రాక్ మీద స్టార్ట్ చేశా. అటు తిరిగి ఏవో పోస్టర్లు చూస్తున్న మనిషి టక్కున ఇటు తిరిగారు. "ఇది మా బండి సప్పుడే బిడ్డా" అన్నారు. నిజమే, మన డబ్ల్యూడీఎం2 డీజిల్ బండిలో ఉన్నదీ ఆల్కో 251 ఇంజనే, దీంట్లో ఉన్నదీ అదే కుటుంబం. పెన్సీ అంటే ఏంటో ఆయనకి తెలీదు, అక్కర్లేదు కూడా. టర్బో ఎక్కడ అరుస్తుందో, నల్లపొగ ఎప్పుడు కక్కుతుందో చేతులు తిప్పుతూ చెప్తుంటే షాపు ఓనర్ కూడా పని మానేసి వచ్చి నిలబడ్డాడు, ఆయన తెలుగులోనే చెప్తున్నారు, ఈయన తలూపుతున్నాడు. కొందరికి లైన్ ఇష్టం, కొందరికి ఊరు, ఇంకొందరికి ఇంజన్ చేసిన కంపెనీ. ఆల్కో ఇష్టమైతే ఆల్కో కొన్న లైన్లన్నీ మీవే, ఎవరు అడ్డుకుంటారు?

అన్నట్టు ఇండియన్ మోడల్స్ చేద్దామనుకునేవాళ్లకి, మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, హెచ్ఓలో (1:87 స్కేల్) అది 19 పైచిలుకు రావాలి, దొరికే పట్టా 16.5. ఆ తేడాకి భయపడి ఆగిపోకండి, మనవాళ్లు చాలామంది ఆ పట్టా మీదే నడుపుతున్నారు, పక్కనుంచి చూస్తే కనపడదు.

కప్లర్ల పని ఉన్నవాళ్లు పెట్టెలు తెచ్చేముందు ప్రతి పెట్టె పక్క నంబర్ కనపడేలా ఒక ఫొటో తీసి పంపండి, డబుల్ నంబర్లు ఉంటే ముందే చెప్తా, డెకాల్స్ కూడా అప్పుడే ఆర్డర్ పెట్టేసుకోవచ్చు.