ఒక్క మీటరు మెట్లదారి

2025 మే 18, ఆదివారం. పొద్దున ఆరు దాటింది. హైదరాబాద్ పాతబస్తీలో, చార్మినార్‌కు కూతవేటు దూరంలోని గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత ఇంట్లో మంటలు లేచాయి. కింద నగల దుకాణాలు, పైన కుటుంబం కాపురం. ఎండాకాలం సెలవులు కావడంతో పిల్లలు, బంధువులు కూడా వచ్చి ఉన్నారు. ఫైర్ ఇంజన్లు కొద్ది నిమిషాల్లోనే వచ్చాయి. చివరికి పదకొండు బండ్లు పనిచేశాయి. అయినా 17 మంది చనిపోయారు. వాళ్లలో 8 మంది పిల్లలు.

ఆ రోజు అగ్నిమాపక శాఖ చెప్పిన వివరాల్లో రెండు కొలతలున్నాయి. ఇంట్లోకి వెళ్లే దారి సొరంగంలా ఉంది, వెడల్పు 2 మీటర్లు. పై అంతస్తులకు ఒకే ఒక మెట్లదారి, వెడల్పు 1 మీటరు. ప్రమాదం జరిగిన ప్రతిసారీ ఫైర్ ఇంజన్ ఎంతసేపటికి వచ్చిందని అడగడం మనకు అలవాటు. ఇక్కడ తొందరగానే వచ్చింది. వచ్చినవాళ్లు ఎక్కాల్సిన మెట్లే ఇలా ఉన్నాయి. చేతులు చాచితే రెండు గోడలూ తగులుతాయి. పైనుంచి పొగ దిగుతుంటుంది. వీపున గాలి సిలిండరు, ముఖానికి మాస్కు, భుజాన నీళ్ల పైపుతో ఒక మనిషి పైకి ఎక్కుతుంటే, అదే సమయంలో ఇంకో మనిషి కిందికి దిగలేడు. ఈ మెట్లు ఇలా ఎందుకు మిగిలాయో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మన దేశంలో అగ్నిమాపక సిబ్బంది ఏటా తలుచుకునే తేదీ 1944 ఏప్రిల్ 14. బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ ఆగి ఉంది. దాంట్లో పత్తి బేళ్లూ పేలుడు పదార్థాలూ కలిపి ఉన్నాయి. పత్తి అంటుకుంది. మంట ఆర్పడానికి వెళ్లినవాళ్లు ఓడ మీద, చుట్టుపక్కల ఉండగానే అది పేలిపోయింది. 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు పోయాయి. ఏప్రిల్ 14 నుంచి 20 దాకా జరిపే అగ్నిమాపక వారోత్సవాలు వాళ్ల పేరు మీదే.

స్వాతంత్య్రం వచ్చాక ఈ సేవను ఒక పద్ధతిలో పెట్టడానికి 1955లో కేంద్రం ఒక స్థాయీ సలహా సంఘాన్ని వేసింది. 1956లో రాంపూర్‌లో మొదలైన జాతీయ అగ్నిమాపక కళాశాల మరుసటి ఏడాది నాగపూర్‌కు మారింది. సలహా సంఘం పెట్టిన ప్రమాణాల్లో అందరికీ తెలిసింది సమయం లెక్క. ఫోన్ వచ్చాక పట్నంలో 5 నిమిషాల్లో, పల్లెలో 20 నిమిషాల్లో బండి చేరాలి. బండి చేరడం గురించి లెక్కలు అప్పటి నుంచే ఉన్నాయి. బండి చేరాక లోపలికి దారి ఉందా లేదా అన్న సంగతి చాలా కాలం వెనకబడే ఉంది.

తెలుగు పల్లెల్లో ఈ శాఖ అంటే మొదట గుర్తొచ్చేది పూరిళ్లు, గడ్డివాములు. కోస్తాలో తాటాకు కప్పులు. నడివేసవి మధ్యాహ్నం, గాడ్పు కొడుతుంటే పొయ్యిలోంచి ఎగిరిన ఒక్క నిప్పురవ్వ చాలు. ఒక కప్పు నుంచి ఇంకో కప్పుకు పాకి, అరగంటలో పేటకు పేటే కాలిపోయేది. పట్నం నుంచి ఎర్రబండి వచ్చేది. ట్యాంకులో నీళ్లు అయిపోతే చెరువులోకో కాలవలోకో పైపు వేసి తోడుకునేవాళ్లు. చాలాసార్లు వాళ్లకు మిగిలేది పొగలు కక్కే వాసాలు చల్లార్చడం, పక్క వరస కాలకుండా కాపాడడం. ఆ తర్వాత బూడిదలో బియ్యం బస్తాలు, గిన్నెలు, పుస్తెల తాడు వెతుక్కునే ఆడవాళ్లు. ఆ పనిని తక్కువ చేయడానికి వీల్లేదు. అయితే ఆ మంటల్లో మనుషులకు బయట పడే దారి ఉండేది. గుడిసెలోంచి ఒక్క అడుగు వేస్తే వీధే. ఆస్తి బూడిదయ్యేది గానీ, పగటిపూటైతే ప్రాణం దక్కేది.

పక్కా ఇళ్లు వచ్చాయి. పట్టణాలు పెరిగాయి. కింద దుకాణం, వెనక గోదాము, పైన ఇల్లో లాడ్జో కోచింగ్ సెంటరో. దొంగల భయంతో కిటికీలకు కదలని ఇనుప గ్రిల్లు. మేడ తలుపుకు తాళం. మెట్ల కింద కరెంటు మీటర్లు, వాటి పక్కనే బైకులు. మంట తీరే మారిపోయింది. ఇప్పుడు ఎక్కువమందిని చంపేది మంట కాదు, పొగ.

ఇదే సమయంలో పరిపాలనలో ఒక మలుపు వచ్చింది. 1992లో 74వ రాజ్యాంగ సవరణ చేశారు. మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ 18 పనులను పన్నెండో షెడ్యూలులో రాశారు. అందులో ఏడోది అగ్నిమాపక సేవలు. ముంబై, అహ్మదాబాద్, పుణె లాంటి చోట్ల ఈ పని ఇప్పటికీ కార్పొరేషన్లదే. మన దగ్గర అలా జరగలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది హోంశాఖ కిందే ఉండిపోయింది. 2014లో రాష్ట్రం విడిపోయాక రెండు రాష్ట్రాల్లోనూ అదే పద్ధతి. దాంతో ఇల్లు కట్టుకోవడానికి అనుమతి ఇచ్చేది మున్సిపాలిటీ, అగ్ని భద్రత పరంగా అభ్యంతరం లేదనే పత్రం, అంటే ఎన్‌వోసీ, ఇచ్చేది అగ్నిమాపక శాఖ. ప్రమాదం జరిగాక రెండు ఆఫీసుల మధ్య ఫైళ్లు తిరుగుతాయి. కార్పొరేషన్ చేతికి ఇచ్చేస్తే అంతా సర్దుకుంటుందని మాత్రం నేను నమ్మను. 2024 మే 25న రాజ్‌కోట్‌లో గేమ్ జోన్ కాలి 27 మంది చనిపోయారు. అక్కడ అగ్నిమాపక విభాగం కార్పొరేషన్‌దే. ఆ గేమ్ జోన్‌కు ఫైర్ ఎన్‌వోసీయే లేదు.

మనకు అసలు గీత పడింది 1999లో. ఆ ఏడాది వచ్చిన అగ్నిమాపక సేవల చట్టం ఎవరెవరు ఎన్‌వోసీ తీసుకోవాలో చెప్పింది. వ్యాపార భవనమైతే ఎత్తు 15 మీటర్లు, నివాస భవనమైతే 18 మీటర్లు దాటాలి. జనం గుమిగూడే బడులు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్లకైతే 6 మీటర్ల ఎత్తు లేదా 500 చదరపు మీటర్ల స్థలం. ఆ రోజుల్లో భయమంతా ఎత్తైన భవనాల గురించే కాబట్టి కొలత ఎత్తు మీద పెట్టారు. అది తప్పని అనలేం. 2012 భవన నిర్మాణ నిబంధనలు కూడా 18 మీటర్లు దాటిన వాటి చుట్టూ కనీసం 7 మీటర్ల ఖాళీ వదలమన్నాయి, ఫైర్ ఇంజన్ తిరగడానికి. కానీ మూడంతస్తుల పాత ఇల్లు ఎంత ఇరుకుగా ఉన్నా, కింద ఎలాంటి సరుకు నిల్వ ఉన్నా, ఆ గీతకు కిందే ఉండిపోయింది. గుల్జార్ హౌజ్ ఇల్లు కింద దుకాణాలు, పైన రెండు అంతస్తులు. అంతే.

గీత దాటిన వాటి సంగతైనా గట్టిగా పట్టుకున్నామా అంటే అదీ లేదు. 2007 డిసెంబరు 31న ఉమ్మడి రాష్ట్రంలో బీపీఎస్ (బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్), 2015లో తెలంగాణలో బీఆర్ఎస్ (బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్) పేరుతో అక్రమ నిర్మాణాలను క్రమబద్ధీకరించే పథకాలు వచ్చాయి. జరిమానా కడితే ప్లాను దాటి కట్టినది సక్రమం అయిపోతుంది. జీవితాంతం దాచుకున్న డబ్బుతో ఫ్లాటు కొన్నవాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది, వాళ్లకు వేరే దిక్కు లేదు. అయినా డబ్బు కడితే కాగితం మారుతుంది గానీ, మెట్లు వెడల్పు కావు.

ఈ అలసత్వానికి లెక్క వరసగా తేలింది 2022 నుంచి. మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో ఒక తుక్కు గోదాము అంటుకుంది. పైన బిహార్ కూలీలు నిద్రలో ఉన్నారు. కిందికి దిగడానికి ఒక ఇనుప మెలికల మెట్లు, అవి దిగేది మంటలోకే. 11 మంది చనిపోయారు. దూకినవాడు ఒక్కడే బతికాడు. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లోనే, కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూం, పైన లాడ్జి. పొగ మెట్లనే చిమ్నీ చేసుకుని పైకి ఎక్కింది. 8 మంది పోయారు. 2023 జనవరిలో మినిస్టర్ రోడ్డులో ముగ్గురు, మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు, నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో రసాయనాల డ్రమ్ములున్న అపార్టుమెంటులో 9 మంది. ఆంధ్రలో అంతకు ముందే, 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ కేంద్రంగా మార్చిన హోటల్లో 10 మంది చనిపోయారు. వీటిలో దాదాపు ప్రతి చోటా కథ ఒకటే. కింద మండే సరుకు, పైన మనుషులు, మధ్యలో మెట్లు.

ఈలోగా శాఖ మీద పని పెరిగింది. 2014లో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో పడిపోయిన చెట్లు కోసింది, కరోనా రోజుల్లో వీధుల్లో మందు చల్లింది ఈ సిబ్బందే. రెండు రాష్ట్రాల్లోనూ శాఖ పేరులో ‘విపత్తు స్పందన’ చేరింది. 2018లో హైదరాబాద్ కార్పొరేషన్ జీహెచ్ఎంసీ సొంతంగా డీఆర్ఎఫ్ అనే విపత్తు స్పందన దళం పెట్టుకుంది, 2024 జులైలో విపత్తు స్పందన, ప్రభుత్వ ఆస్తుల రక్షణ కోసం హైడ్రా అనే సంస్థ వచ్చింది. అలా హైదరాబాద్‌లో అగ్నిమాపక శాఖ బయట కూడా ఒక అత్యవసర దళం తయారైంది. 2023లో కేంద్రం రాష్ట్రాల అగ్నిమాపక సేవల ఆధునికీకరణకు 5,000 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. స్టేషన్లు, బండ్లు, శిక్షణ అన్నీ కావాలి. హైదరాబాద్‌లో 54 మీటర్లు లేచే నిచ్చెన బండి ఉంది. కానీ అది పాతబస్తీ సందులోకి మలుపు తిరగదు. మామూలు ఫైర్ ఇంజనే రెండున్నర మీటర్ల వెడల్పు ఉంటుంది. దాన్ని పెద్ద రోడ్డు మీద ఆపి, పైపుకు పైపు కలుపుకుంటూ లోపలికి పరుగెత్తాల్సిందే.

చట్టంలో ఎత్తు గీత పక్కన ఇంకో గీత కావాలి. కింద వ్యాపారమో గోదామో ఉండి, పైన మనుషులు పడుకునే, ఒకే మెట్లున్న ప్రతి భవనాన్నీ, అది ఎన్ని మీటర్లున్నా, తనిఖీ కిందికి తేవాలి. అడగాల్సినవి పెద్ద ఖర్చులు కావు. కరెంటు మీటర్ల బోర్డు మెట్ల కింద నుంచి తీయాలి. ఒక్క కిటికీ గ్రిల్లయినా లోపలి నుంచి తెరుచుకునేలా ఉండాలి. మేడ తలుపు తాళంచెవి తలుపు పక్కనే వేలాడాలి. అక్కడి నుంచి పక్కింటి మేడ మీదికి దాటడానికి ఒక ఇనుప నిచ్చెన ఉన్నా చాలు.