డ్రైయర్‌లో బట్టలు ఆరడం లేదా? ముందు గాలి సంగతి చూడండి

డాలస్ చుట్టుపక్కల ఇళ్లలో వాషర్లు, డ్రైయర్లు బాగుచేయడం నా పని. ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు మన తెలుగువాళ్ల ఇళ్లకు తరచుగా వెళ్తుంటాను. ఫోన్‌లో మాట దాదాపు ఒకటే: "అన్నా, డ్రైయర్ తిరుగుతోంది, బట్టలు మాత్రం తడితడిగానే వస్తున్నాయి. హీటర్ పోయినట్టుంది, కొత్తది కొనేయమంటావా?" తొందరపడి కొనకండి. నేను చూసినవాటిలో చాలాసార్లు మిషన్‌కి ఏమీ కాలేదు.

అపోహ: బట్టలు ఆరడం లేదంటే హీటర్ పోయినట్టే.

మన ఊళ్లో దండెం గుర్తు తెచ్చుకోండి. ముసురు పట్టినప్పుడు గదిలో దండెం కట్టి తలుపులు మూసేస్తే రెండ్రోజులైనా పంచె ఆరదు, పైగా ముక్కిన వాసన. అదే పంచెను సంక్రాంతి రోజుల్లో డాబా మీద గాలికి వేస్తే, ఎంత చలిగా ఉన్నా మధ్యాహ్నానికి పెళపెళలాడుతుంది. డ్రైయర్‌లోనూ ఇదే లెక్క. హీటర్ వేడికి బట్టల్లోని నీరు ఆవిరవుతుంది. ఆ ఆవిరిని ఫ్యాన్, మిషన్ వెనక బిగించిన 4 అంగుళాల పైపులోంచి ఇంటి బయటికి తోసేయాలి. దారి మూసుకుపోతే ఆవిరి డ్రమ్ములోనే సుళ్లు తిరుగుతుంది.

కాబట్టి తలుపు తీయగానే చెయ్యి పెట్టి చూడండి. బట్టలు వేడిగా, చెమ్మగా ఉంటే హీటర్ పనిచేస్తోంది, గాలి ఆడడం లేదు. చల్లగా, తడిగా ఉంటే అప్పుడు వేడి సంగతి చూడాలి.

పోయిన చలికాలం ఒక ఇంటికి వెళ్లాను. ఆ ఇంట్లో అమ్మాయి పురుడు పోసుకుంది, గుంటూరు నుంచి వాళ్లమ్మగారు వచ్చారు. డ్రైయర్ రెండుసార్లు తిప్పినా ఆరడం లేదని ఆవిడ పసివాడి జుబ్బాలు ఒక్కొక్కటీ ఇస్త్రీపెట్టెతో ఆరబెడుతున్నారు. "చెమ్మ బట్టలు పసిపిల్లాడికి ఎలా తొడగను నాయనా?" అన్నారు. డ్రైయర్‌ని ముందుకి లాగాను. ఇల్లు మారినప్పుడు సామాన్లు సర్దినవాళ్లు దాన్ని గోడకి ఆనేదాకా నెట్టేశారు, వెనకున్న రేకు పైపు అప్పడంలా అణిగిపోయింది. ఇంటి బయటికి వెళ్లి చూస్తే పొద వెనక వెంట్ మూత, అంటే ఆ పైపు గోడ బయటికి వచ్చేచోట ఉండే మూత, తెరుచుకోవడమే లేదు. వేలు పెట్టి లాగితే బట్టల్లోంచి రాలిన బూడిదరంగు నూగు, తడికి గట్టిపడి, పాత గొంగడి ముక్కలా ఊడివచ్చింది. మొత్తం తీసేసరికి కిచెన్ చెత్త సంచి ఒకటి నిండింది. పైపు మార్చి మళ్లీ వేస్తే 45 నిమిషాల్లో ఆరిపోయాయి. పెద్దావిడ ఒక జుబ్బా తీసి చెంపకి ఆనించుకుని చూసుకున్నారు. కొత్త పార్టు అంటే ఆ పైపు ఒక్కటే.

అపోహ: ప్రతిసారీ డ్రైయర్ లోపలి నూగు ఫిల్టర్ శుభ్రం చేస్తున్నాం కదా, నూగు ఎక్కడ పేరుకుంటుంది?

ఫిల్టర్ శుభ్రం చేయడం మంచి అలవాటే, మానకండి. కానీ ఫిల్టర్ అంతా పట్టుకోలేదు. కొంత నూగు జారిపోయి పైపు మలుపుల్లో అంటుకుంటుంది. పైగా సువాసన కోసం డ్రైయర్ షీట్లు వేసేవాళ్ల ఫిల్టర్ మీద కంటికి కనిపించని మైనంలాంటి పొర పడుతుంది. ఫిల్టర్‌ని కుళాయి కింద పెట్టి చూడండి. నీళ్లు జారిపోకుండా పైన నిలిచాయంటే గాలి కూడా సరిగ్గా పోవడం లేదన్నమాట. గిన్నెలు తోమే సబ్బు, మెత్తటి బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరాక పెట్టండి.

ఇక పైపు. అమెరికాలో ఇళ్ల నిర్మాణ కోడ్ ప్రకారం వెంట్ పైపు పొడవు మామూలుగా 35 అడుగులు దాటకూడదు. మామూలు 90 డిగ్రీల మలుపు ఒక్కోదానికీ అందులోంచి 5 అడుగులు తగ్గించి లెక్కేయాలి. లాండ్రీ రూమ్ ఇంటి నడిమధ్యన ఉండి పైపు అటకలోంచి పైకప్పు మీదికి వెళ్తే, మూత మూసుకుపోయినా మనకు కనిపించదు. అలాంటి ఇళ్లలో ఏడాదికోసారి మనిషిని పిలిచి శుభ్రం చేయించండి. బయట గోడకే ఉంటే డ్రైయర్ నడుస్తుండగా మీరే వెళ్లి చూడొచ్చు: మూత తెరుచుకుని వెచ్చటి గాలి చేతికి బలంగా తగలాలి. పిట్టలు దూరకుండా సన్నటి జాలీ బిగించేవాళ్లున్నారు. ఆ జాలీకే నూగు పట్టి దారి మూసుకుపోతుంది, తీసేయండి. ప్లాస్టిక్ పైపు ఉంటే ఈ రోజే మార్చి, గట్టి రేకు గొట్టం పెట్టించండి.

దీన్ని ఇంత సాగదీసి చెప్పడానికి కారణం తడి బట్టలు మాత్రమే కాదు. అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ 2008-2010 లెక్కల్లో ఇళ్లలో డ్రైయర్ల వల్ల ఏటా సుమారు 2,900 అగ్నిప్రమాదాలు జరిగాయి. వాటికి ముఖ్య కారణం శుభ్రం చేయకపోవడమే.

అపోహ: డ్రమ్ము తిరుగుతోంది కాబట్టి కరెంటు సరిగ్గానే వస్తోంది.

ఇక్కడి ఎలక్ట్రిక్ డ్రైయర్‌కి 240 వోల్టులు కావాలి. అది రెండు 120 వోల్టుల లైన్ల మీద వస్తుంది. మోటారుకి ఒక్క లైన్ చాలు, హీటర్‌కి రెండూ ఉండాలి. ఒకటి పోతే డ్రమ్ము హాయిగా తిరుగుతుంది, బట్టలు మాత్రం చల్లగా ఉంటాయి. ప్యానెల్‌లో డ్రైయర్ బ్రేకర్‌ని పూర్తిగా ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. కొన్నిసార్లు సమస్య అంతటితో తీరిపోతుంది. బ్రేకర్ మళ్లీ పడిపోతే వదిలేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

గ్యాస్ డ్రైయర్ మొదట వేడిగా ఉండి, కాసేపటికి చల్లబడిపోతుంటే చాలావరకు గ్యాస్ వాల్వ్ కాయిల్స్ (మంటకి గ్యాస్ వదిలే మూతని తెరిచే చుట్టలు) పోయినట్టు. దాని జోలికి మీరు వెళ్లకండి. ఒక్క నిమిషమైనా వెంట్ పైపు ఊడదీసి నడపకండి, కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది.

అపోహ: థర్మల్ ఫ్యూజ్ (వేడి మితిమీరితే కాలిపోయే రక్షణ ఫ్యూజ్) కాలిపోయింది, కొత్తది వేస్తే సరి.

ఫ్యూజ్ ఊరికే కాలదు. చాలాసార్లు పైపు మూసుకుని లోపల వేడి మితిమీరినప్పుడు అది తను కాలి ఇంటిని కాపాడుతుంది. పైపు చూడకుండా ఫ్యూజ్ మారిస్తే మళ్లీ కాలుతుంది. ఫ్యూజ్ తీసేసి తీగతో కలిపేసిన డ్రైయర్లు కూడా చూశాను. ఎవరైనా అలా చేస్తామంటే దయచేసి ఒప్పుకోకండి.

అపోహ: వాషర్‌కీ దీనికీ సంబంధం లేదు.

చాలా ఉంది. ఒక లీటరు నీటిని ఆవిరి చేయడానికి సుమారు 0.63 యూనిట్ల కరెంటు కావాలి. అదే నీటిని వాషర్ స్పిన్‌లో పిండేస్తే అందులో కొసరంత ఖర్చుతో పోతుంది. వాషర్‌లోంచి తీసిన జీన్స్‌ని చేత్తో పిండండి. నీళ్లు కారితే స్పిన్ సరిగ్గా తిరగలేదు.

జీన్స్ నడుము, జేబులు మాత్రమే తడిగా ఉంటే అది సెన్సర్ వ్యవహారం. చాలా డ్రైయర్లలో డ్రమ్ము ముందువైపు రెండు సన్నటి లోహపు పట్టీలు ఉంటాయి. తడి బట్ట వాటికి తగిలినంతసేపూ మిషన్ నడుస్తుంది. పలచటి చొక్కాలు, మందపాటి జీన్స్ కలిపి వేస్తే చొక్కాలు ఆరగానే అన్నీ ఆరాయనుకుని ఆపేస్తుంది. విడివిడిగా వేయండి. డ్రైయర్ షీట్ల మైనం వీటికీ అంటుతుంది, రబ్బింగ్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో తుడవండి. దుప్పట్లు ఉండ చుట్టుకుని లోపల తడి దాచుకుంటాయి, మధ్యలో ఒకసారి ఆపి విదిలించి మళ్లీ వేస్తే చాలు.

ఇండియాలో ఉన్న అమ్మానాన్నల తరఫున అడిగేవాళ్ల కోసం ఒక మాట. అక్కడ ఉతికి ఆరబెట్టే రెండూ ఒకే మిషన్‌లో ఉన్నవాటికి ఆరబెట్టే బరువు ఉతికే బరువు కంటే తక్కువ. డ్రమ్ము నిండా ఉతికిన బట్టలన్నీ అలాగే ఆరబెట్టమంటే తడిగానే వస్తాయి, సగం తీసి రెండు దఫాలుగా వేయమనండి. సెమీ ఆటోమేటిక్‌లో పక్కన ఉండే చిన్న టబ్బుని అందరూ డ్రైయర్ అనే అంటారు. అందులో హీటర్ ఉండదు, అది నీళ్లు పిండుతుందంతే. ఆ తర్వాత బట్టలు దండెం మీద ఆరేయాల్సిందే.