అతిథులు ఇంట్లో ఉన్నప్పుడు కెమెరా ఎవరి చేతిలో ఉండాలి?

చిరంజీవులైన పిల్లలకు,

పెద్దమ్మ ఆశీస్సులు. పెద్దవాళ్ల సాయం లేకుండా మీ అంతట మీరే మొదటిసారి 18 మందిని ఇంటికి పిలుస్తున్నారని, ఆ పూట ఫోటోలు బాగా రావాలంటే ఏ కెమెరా వాడాలో చెప్పమని మీరు రాసిన ఉత్తరం అందింది. కెమెరా సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది: మీ చేతిలో ఉన్న ఫోన్ చాలు. దానికన్నా ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్లను పలకరించవలసిన మీరే, అదే సమయంలో కెమెరా పట్టుకుని వాళ్ల ముందూ వెనుకా తిరగగలరా? ఈ రెండు పనులూ ఒక్క మనిషి వల్ల ఒకేసారి కావని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మీకు అంత ఆలస్యం కాకూడదనే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

నేను మొదటి కెమెరా కొనుక్కున్న రోజుల్లో ఫిల్మ్ రోలుకు 36 ఫోటోలే వచ్చేవి. మా ఇంట్లో పెద్ద కలయిక జరిగిన ఒక సాయంకాలం, రోలు మొత్తం ఆ రాత్రికే అయిపోవాలన్న పట్టుదలతో గది నుంచి గదికి తిరిగి 36 ఫోటోలూ తీశాను. వారం తరువాత కడిగించిన ఫోటోలు చేతికి వచ్చాయి. వాటిలో ఒక్కదానిలోనూ నేను లేను. అది పెద్ద బాధ కాదు. ఒక ఫోటోలో నలుగురు పడీ పడీ నవ్వుతున్నారు. వాళ్ల భుజాల వెనుక, గోడవారగా ఉన్న కుర్చీలో ఒక వృద్ధురాలు ఖాళీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక వంటగది వైపు చూస్తూ కూర్చుని ఉంది. నేను ఆమెకు నాలుగడుగుల దూరంలో నిలబడి ఆ ఫోటో తీశాను. ఆ సాయంకాలమంతా ఆమెతో మాట్లాడిన గుర్తు నాకు లేదు. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గర ఉంది, ఆల్బమ్‌లో మాత్రం పెట్టలేదు.

ఎందుకిలా జరుగుతుందో పరిశోధకులు కొంతవరకు చెప్పారు. లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరిని మ్యూజియంలోకి తీసుకువెళ్లి, కొన్ని వస్తువులను ఊరికే చూడమని, కొన్నింటిని ఫోటో తీయమని చెప్పారు. ఫోటో తీసిన వస్తువులే వాళ్లకు తక్కువగా గుర్తున్నాయని 2014లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో తేలింది. అయితే వస్తువులో ఒక భాగాన్ని దగ్గరగా చూసి తీసినప్పుడు ఆ నష్టం కనిపించలేదు. తరువాత 2017లో అలిక్సాండ్రా బరాష్, ఆమె సహచరులు చేసిన ప్రయోగాలు ఇంకొక సంగతి బయటపెట్టాయి: తమకు నచ్చినట్టు ఫోటోలు తీసుకున్నవాళ్లకు కంటితో చూసినవి బాగానే గుర్తున్నాయి, చెవితో విన్నవి మాత్రం తగ్గాయి. ఇంటికి మనుషులను పిలిచేది ముఖ్యంగా మాటల కోసమే కాబట్టి, ఈ రెండో ఫలితం ఇంటివాళ్లు పట్టించుకోవలసినదని నాకు అనిపిస్తుంది. కెమెరా పట్టుకున్న ఇంటి మనిషికి ఎవరు ఏ రంగు బట్టలు వేసుకున్నారో గుర్తుంటుంది, ఎవరు ఏ దిగులు చెప్పుకున్నారో గుర్తుండదు.

అందుచేత నా మాట ఇది: ఫోటోల పనిని ఆ పూట మొత్తానికీ పరచకండి. ఎవరూ రాకముందు పది నిమిషాలు, అందరూ చేరిన కాసేపటికి పది నిమిషాలు మీరు తీయండి. తరువాత ఫోన్‌ను అతిథుల్లో ఉత్సాహం ఉన్న ఒకరికి అప్పగించి మీ పనిలో పడండి. ప్రతి సమావేశంలోనూ కొత్తవాళ్ల మధ్య ఏం మాట్లాడాలో తెలియక ఇబ్బంది పడే మనిషి ఒకరుంటారు. కెమెరా చేతికిస్తే అటువంటి మనిషికి నలుగురి దగ్గరకూ వెళ్లడానికి ఒక సాకు దొరుకుతుంది, మీరు కూడా ఫోటోల్లోకి వస్తారు. ఫోన్ ఇచ్చేముందు తాళం తీయకుండానే కెమెరా తెరుచుకునే పద్ధతి చూపించండి; మీ సందేశాలూ పాత ఫోటోలూ వాళ్ల కంటపడవు.

ఎవరూ రాకముందు పది నిమిషాలు ఎందుకంటారా? వెలుగు చూసుకోవడానికి. ఇంట్లో తీసిన ఫోటోలు చెడిపోయేది చాలావరకు వెలుగు వల్లనే, కాబట్టి ఈ విషయం కొంచెం వివరంగా చెబుతాను. మీలో ఒకరు కుర్చీలో కూర్చోండి, ఇంకొకరు ఫోన్‌లో చూడండి. కుర్చీ వీపు కిటికీ వైపు ఉంటే ముఖం నల్లబడుతుంది, వెనుక కిటికీ తెల్లగా వెలిగిపోతుంది. అదే కుర్చీని కిటికీకి పక్కగానో ఎదురుగానో తిప్పితే ముఖం మీద మెత్తని వెలుగు పడి, కళ్లలో చిన్న మెరుపు కనిపిస్తుంది. ముఖ్యంగా నలుగురూ చేరే చోట కుర్చీలను ఇలా ముందే తిప్పి పెడితే, తరువాత ఎవరినీ అక్కడికి లే, ఇక్కడ కూర్చో అని కదిలించవలసిన పని ఉండదు.

సంధ్యవేళ ఇంకొక చిక్కు వస్తుంది. వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పసుపు పెరుగుతుంది: పగటి వెలుగుది సుమారు 5500, పసుపు ఛాయ గల ఇంటి బల్బుది సుమారు 2700. మన కన్ను ఈ తేడాను తనే సర్దుకుంటుంది గాని, కెమెరా మామూలుగా ఫోటో మొత్తానికీ ఒకే సర్దుబాటు చేస్తుంది. కిటికీ పక్కన కూర్చున్న మనిషి నెత్తిమీద బల్బు కూడా వెలుగుతుంటే, ఒక చెంప పసుపుగానూ ఇంకొక చెంప నీలంగానూ వస్తుంది. దీనికి మందు తేలిక: కిటికీ వెలుగు చాలినంతసేపు ఆ బల్బు ఆర్పండి, చాలనప్పుడు కిటికీ తెర వేసి బల్బులే ఉంచండి.

ఫ్లాష్ మాత్రం వాడకండి. ఇది పెద్దదాని చాదస్తమని అనుకోకండి, కారణం ఉంది. చిన్న దీపం నుంచి వచ్చే వెలుగు, దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు పడిపోతుంది. అందువల్ల మీటరు దూరంలో ఉన్న మనిషి ముఖానికి సరిపోయిన ఫ్లాష్, నాలుగు మీటర్ల దూరంలో ఉన్నవాళ్లకు పదహారో వంతే అందుతుంది. ముందున్నవాళ్లు సున్నం కొట్టినట్టు, వెనుకవాళ్లు చీకట్లో ఉన్నట్టు వస్తారు. మసక గదిలో కంటిపాపలు బాగా తెరుచుకుని ఉంటాయి కదా, లెన్సు పక్కనే ఉన్న ఫ్లాష్ వెలుగు తిన్నగా లోపలికి పోయి, కంటి వెనుక రక్తనాళాలు నిండిన పొరను తాకి అదే దారిన తిరిగి వస్తుంది. ఎర్ర కళ్లు వచ్చేది అందుకే. అయినా మనం అదృష్టవంతులమే. 1887లో జర్మనీలో అడోల్ఫ్ మీటె, యోహనెస్ గేడికె తయారుచేసిన మెగ్నీషియం పొడి ఫ్లాష్‌తో గదిలో ఫోటో తీయాలంటే, భగ్గుమని మంట లేచి గదంతా తెల్లని పొగ కమ్మేది. ఆ రోజుల్లో రెండో ఫోటోకు అతిథులు ఎలా నిలబడేవారో!

ఇంటి వెలుగు తక్కువగా ఉన్నప్పుడు కెమెరా వెలుగును లోపలికి వదిలే తలుపును (షట్టర్) ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, ఆ లోపల మనిషి కదిలితే బొమ్మ చెదురుతుంది. కుదురుగా కూర్చుని మాట్లాడేవాళ్లకు సెకనులో 60వ వంతు సరిపోతుంది. పరుగెత్తే పిల్లలకు 250వ వంతయినా ఉండాలి. ఇంట్లో రాత్రిపూట అంత వేగం దొరకడం కష్టం కనుక, పిల్లల ఫోటోలు పగలే తీసేయండి. కొన్ని ఎల్‌ఈడీ దీపాల కింద తీసిన ఫోటోల్లో అడ్డంగా నల్లని చారలు వస్తాయి. కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగే చోట ఆ దీపాలు 100 సార్లు మినుకుతాయి, మన కన్ను పట్టుకోదు, వేగమైన కెమెరా పట్టుకుంటుంది. వేగాన్ని 100వ వంతుకో 50వ వంతుకో దించితే చారలు పోతాయి. ఇంకొక చిన్న మాట. వంటగదికీ హాలుకూ తిరిగే చేతుల జిడ్డు ఫోన్ లెన్సుకు అంటుకుని, ప్రతి దీపం చుట్టూ మంచు పట్టినట్టు వెలుగు చెదురుతుంది. మెత్తని నూలుగుడ్డతో ఒకసారి తుడవండి. నేను ఫోన్ పాడైందనుకుని ఆరు నెలలు తిట్టుకున్న దోషం ఇదే.

అందరూ కలిసి దిగే ఫోటోను చివరికి వాయిదా వేయకండి. చివరికి సగం మంది చెప్పులు వేసుకుని గుమ్మంలో ఉంటారు, మిగతావాళ్లు అలసిపోయి ఉంటారు. అందరూ చేరారనుకున్న వెంటనే పిలిచి, ఐదు నిమిషాల్లో ముగించండి. ఎన్ని తీయాలో లెక్క కూడా ఉంది. ఆస్ట్రేలియాలోని సి.ఎస్.ఐ.ఆర్.ఓ. అనే శాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన పియర్స్ బార్న్స్, నిక్ స్వెన్సన్, కళ్లు మూసుకున్నవాళ్లు లేని ఫోటో ఒక్కటయినా దాదాపు ఖాయంగా దొరకాలంటే ఎన్ని తీయాలో లెక్కగట్టారు: 20 మందిలోపు గుంపయితే, వెలుగు బాగున్నప్పుడు మనుషుల సంఖ్యను 3తో, బాగాలేనప్పుడు 2తో భాగించాలి. నవ్వించి ఆ తరువాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 2006లో గణిత విభాగంలో వీళ్లకే వచ్చింది. మీ 18 మందికి పగలయితే 6, రాత్రయితే 9 ఫోటోలు. అంతకు మించి తీస్తే జనం నవ్వులు పెదవుల మీద బిగుసుకుపోతాయి.

గుంపంతా పట్టడం లేదని ఫోన్‌లోని అతి వెడల్పు లెన్సుకు మారకండి, రెండడుగులు వెనక్కి వేయండి. ఆ లెన్సు అంచుల్లో ఉన్న తలలను పక్కకు సాగదీస్తుంది, చివర నిలబడ్డ పాపానికి ఆ మనిషి ముఖం గుమ్మడికాయలా తయారవుతుంది. వెనక్కి వెళ్లడానికి చోటు లేకపోతే మనుషులను రెండు మూడు వరుసలుగా, ముందువాళ్లను కూర్చోబెట్టి సర్దండి. పెద్ద వయసువాళ్లకు నేల మీద కాకుండా కుర్చీలు వేయండి.

ఇక అడిగి తీయడం. ఇది మీ తరానికి మా తరం కన్నా ఎక్కువ అవసరం, ఎందుకంటే మా ఫోటో ఆల్బమ్‌లో ఉండేది, మీది అరగంటలో ఎక్కడెక్కడో తిరుగుతుంది. పిలిచేటప్పుడే ఫోటోలు తీస్తామని, వద్దనుకునేవాళ్లు మొహమాటపడకుండా చెప్పమని ఒక మాట అనండి. వద్దన్నవాళ్లను కారణం అడగకండి, "ఒక్కటే కదా" అని బతిమాలకండి. ఇంటివాళ్లు బతిమాలితే కాదనడం అతిథికి ఎంత కష్టమో ఆలోచించండి. తింటున్నవాళ్లను, నిద్రపోతున్నవాళ్లను, కంటతడి పెట్టినవాళ్లను తీయకండి. పిల్లల ఫోటోలు వాళ్ల తల్లిదండ్రులు సరేననకుండా ఎవరికీ పంపవద్దు. ఒకవేళ ఫోటోలు నలుగురూ చూసే చోట పెట్టదలిస్తే, ముందు వాటిలో మనుషుల వెనుక ఏం కనిపిస్తోందో చూడండి: బల్ల మీద మందుల సీసాలు, గోడకు తగిలించిన తాళాలు, చిరునామా ఉన్న కవర్లు మన కంటికి అలవాటైపోయి కనిపించవు. ఫోన్ తీసిన ఫోటోలో ఎక్కడ తీశారన్న వివరం కూడా దాగి ఉండవచ్చు. కెమెరా సెట్టింగులలో లొకేషన్ ఆపేస్తే ఆ బాధ ఉండదు.

మరునాడు ఫోటోలు ఏరుకునేటప్పుడు మనసు గట్టి చేసుకోండి. 200 తీస్తే 20 ఉంచుకోండి. ఎవరైనా నోరు తెరిచి, మెడ వంకరపోయి వికారంగా వచ్చి ఉంటే, ఆ ఫోటోలో మీరు ఎంత అందంగా ఉన్నా సరే తీసేయండి. మెసేజీలో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది కాబట్టి, అచ్చు వేయించుకోవాలనుకునేవాళ్లకు డాక్యుమెంటుగా పంపండి. మీరూ ఓ పది అచ్చు వేయించి, వెనుక మెత్తని పెన్సిలుతో తేదీ, ఎడమ నుంచి కుడికి పేర్లు రాయండి. ఇప్పుడు అందరూ తెలిసినవాళ్లే కదా అనిపిస్తుంది. నా పెట్టెలో నలభై ఏళ్ల నాటి ఫోటోలో ఒకాయన నా పక్కనే నిలబడి, నా తమ్ముణ్ని భుజాన ఎత్తుకుని ఉన్నాడు. ఆయన ఎవరో చెప్పగలిగినవాళ్లు మా ఇంట్లో ఇప్పుడెవరూ లేరు.

ఆ రోజు నేను కాస్త ముందుగానే వస్తాను. కుర్చీలు తిప్పేటప్పుడు పరీక్షకు కూర్చోవడానికి ఒక మనిషి కావాలి కదా, నన్ను కూర్చోబెట్టండి. అందరూ వచ్చాక ఫోన్ నా చేతికే ఇచ్చేయండి. మోకాళ్ల నొప్పితో నేను ఎటూ తిరగలేను గాని, కిటికీ పక్క కుర్చీలో నుంచి ఎవరి గ్లాసు ఖాళీ అయిందో చూసి మీకు సైగ చేస్తూ, మధ్య మధ్య నాలుగు ఫోటోలు తీస్తాను. వాటిలో మీరుంటారు.

ఇట్లు,
మీ పెద్దమ్మ