హెరాయిన్ నాటి కథను నేటి పిల్లలకు చెప్పాలంటే

1996లో మెల్విన్ బర్జెస్ నవల ‘జంక్’ వచ్చినప్పుడు బ్రిటన్‌లో పెద్ద దుమారమే రేగింది. పద్నాలుగేళ్ల టార్, జెమ్మా ఇల్లు వదిలి బ్రిస్టల్ పారిపోతారు. ఖాళీగా పడున్న ఇళ్లలో తలదాచుకుంటారు. మెల్లగా హెరాయిన్‌లో కూరుకుపోతారు. పిల్లల పుస్తకంలో ఇవేం రాతలని చాలామంది మండిపడ్డారు. అయినా బాలసాహిత్యానికిచ్చే కార్నెగీ పతకం ఆ ఏడాది దానికే దక్కింది. తర్వాత నాటకంగానూ, 1999లో బీబీసీ టీవీ చిత్రంగానూ వచ్చింది. అలాంటి కథను ఇప్పటి బ్రిటిష్ టీనేజర్ల ముందు మళ్లీ పెట్టాలంటే పాత్రల చేతికి స్మార్ట్‌ఫోన్ ఇచ్చి, హెరాయిన్ బదులు ఇంకో పేరు రాస్తే చాలదు. మత్తు పిల్లల దగ్గరికి చేరే దారే మారిపోయింది.

నవల జరిగేది 1980లలో. ఇరాన్ విప్లవం తర్వాత అక్కడి నుంచి, ఆ వెనకే పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ వైపు నుంచి చవక బ్రౌన్ హెరాయిన్ బ్రిటన్‌కు వచ్చిపడింది. సూది అక్కర్లేదు, వెండి కాగితం మీద వేడిచేసి పొగ పీలిస్తే సరి. దాంతో సూదంటే ఉండే భయం అడ్డు రాలేదు. ఫ్యాక్టరీలు మూతపడి కుర్రాళ్లు ఖాళీగా తిరుగుతున్న లివర్‌పూల్, గ్లాస్గో పేటల్లోకి అది సులువుగా పాకింది. ఎడిన్‌బరోలో సిరంజీలు దొరక్కుండా పోలీసులు కట్టడి చేస్తే ఒకే సూదిని పదిమంది పంచుకున్నారు. 1986లో అక్కడి ఓ డాక్టర్ క్లినిక్‌లో పరీక్షిస్తే సూదితో తీసుకునేవాళ్లలో సగం మందికి హెచ్ఐవీ ఉందని తేలింది.

అదే ఏడాది బీబీసీ పిల్లల సీరియల్ ‘గ్రేంజ్ హిల్’లో జామో అనే కుర్రాడు హెరాయిన్‌కు బానిసవుతాడు. 1982 నుంచి పిల్లలు సాయంత్రం టీవీ ముందు కూర్చుని చూస్తున్న అల్లరి పిల్లాడు వాడు. వాడి ముఖం పాలిపోవడం, స్నేహితులకే అబద్ధాలు చెప్పడం చూసి దేశమంతా కదిలిపోయింది. నటులు ‘జస్ట్ సే నో’ అని పాట పాడారు, వైట్‌హౌస్ దాకా వెళ్లొచ్చారు. ‘వద్దని చెప్పండి’ అన్న నినాదం కంటే జామో పతనమే పిల్లలకు ఎక్కువ చెప్పిందని నేను గట్టిగా నమ్ముతాను.

పదేళ్ల తర్వాత బర్జెస్ నినాదం జోలికే పోలేదు. ఒక్కో అధ్యాయం ఒక్కో పాత్ర నోట వినిపించాడు. మొదట్లో మత్తు ఎంత హాయిగా ఉందో జెమ్మా దాచకుండా చెబుతుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయగలమని వాళ్లు తమకు తాము చెప్పుకుంటూ ఉంటారు. అది అబద్ధమని రచయిత మధ్యలో దూరి చెప్పడు, చదివే పిల్లలకే తెలిసిపోతుంది. ఇప్పుడు తిరగరాసేవాళ్లు ఏం మార్చినా ఈ పద్ధతిని మాత్రం ముట్టుకోకూడదు.

ఇక మారినవి. ఆనాటి హెరాయిన్ తరం నడివయసుకు వచ్చేసింది. స్కాట్లాండ్‌లో 2020లో డ్రగ్స్ వల్ల 1,339 మంది చనిపోతే, అందులో ఎక్కువమంది 35 నుంచి 54 ఏళ్ల మధ్యవాళ్లే. ఇవాళ ఇంగ్లండ్‌లో చికిత్సకు వచ్చే పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్లో అత్యధికులది గంజాయి సమస్య. లాఫింగ్ గ్యాస్‌ను 2023 నవంబర్‌లో నిషేధిత మత్తుల జాబితాలో చేర్చారు. స్కూళ్లలో పిల్లల దగ్గర లాక్కున్న వేప్‌లను (ఈ-సిగరెట్లను) బాత్ యూనివర్సిటీ పరీక్షిస్తే ఆరింటిలో ఒకదాంట్లో స్పైస్ అనే కృత్రిమ మత్తు దొరికింది. పిల్లాడికి తాను ఏం పీలుస్తున్నాడో కూడా తెలియదన్నమాట.

అసలు కథ కౌంటీ లైన్స్ అనే దందాలో ఉంది. లండన్, లివర్‌పూల్ లాంటి నగరాల ముఠాలు చిన్న ఊళ్లకు హెరాయిన్, క్రాక్ అనే కొకైన్ రకం అమ్మడానికి ఒక ఫోన్ నంబర్ నడుపుతాయి. ఆ నంబరే వాటి బ్రాండ్. సరుకు మోసేది పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు. ముందు కొత్త బూట్లు, ఫ్రైడ్ చికెన్, కాస్త డబ్బు. తర్వాత రైలెక్కించి సముద్రతీరంలో ఏదో ఊరికి పంపుతారు. అక్కడ ఒంటరి రోగినో, మత్తుకు బానిసైనవాడినో బెదిరించి ఆక్రమించిన ఇంట్లో పిల్లాడు రోజుల తరబడి కూర్చుని సరుకు అమ్మాలి. ఒకరోజు కత్తి చూపించి ఎవరో దోచుకుంటారు. చాలాసార్లు ఆ దోపిడీ చేయించేది సొంత ముఠాయే. పోయిన సరుకు పిల్లాడి పేర అప్పు. ఆ అప్పు తీరేదాకా జీతం లేని చాకిరీ. టార్, జెమ్మా ఇంటి నుంచి పారిపోయారు. ఈ కుర్రాడు ఆదివారం రాత్రికి ఇంటికొచ్చి సోమవారం స్కూల్‌కి వెళ్తాడు. వాడు నేరస్థుడా, బాధితుడా? 2015లో వచ్చిన ఆధునిక బానిసత్వ చట్టం కింద ఇలాంటి పిల్లలకు రక్షణ ఉంది, కానీ అరెస్టయిన రోజు పోలీసుల కంట పడేది వాడి జేబులోని పొట్లాలే. నాటకానికి ఇంతకన్నా బిగువైన సందర్భం ఏముంటుంది?

ఇలాంటి కథలో పిల్లలు మాట్లాడే భాష కూడా నిజమనిపించాలి. ఆ విషయంలో ఒక మంచి ముందడుగు 2007లోనే పడింది. అదే బ్రిస్టల్‌లో తీసిన ‘స్కిన్స్’ సీరియల్ రచయితల బృందంలో టీనేజర్లనే కూర్చోబెట్టారు. మళ్లీ అలాగే చేయాలి.

ఎక్కడ చూపించాలన్నది మరో చిక్కు. హెరాయిన్‌కు బానిసలైన కుర్రాళ్ల కథ చెప్పిన 1996 నాటి ‘ట్రెయిన్‌స్పాటింగ్’ సినిమాకు 18 సర్టిఫికెట్, అంటే ఆ వయసులోపు వాళ్లకు హాల్లో ప్రవేశం లేదు. యువతతో పనిచేసిన హెన్రీ బ్లేక్ తీసిన ‘కౌంటీ లైన్స్’ సినిమాలో హీరో పద్నాలుగేళ్లవాడు, సర్టిఫికెట్ మాత్రం 15. అంటే ఎవరి కథో వాళ్లకే హాల్లో ప్రవేశం లేదు. నాటకానికి ఆ అడ్డు లేదు, స్కూల్ హాల్లోనూ ఆడొచ్చు. 2020 సెప్టెంబర్ నుంచి ఇంగ్లండ్ స్కూళ్లలో డ్రగ్స్ గురించి చెప్పడం తప్పనిసరి కాబట్టి టీచర్లు కూడా పిలుస్తారు. అయితే చివర్లో నీతిబోధ పెట్టమని అడుగుతారు. అక్కడ మాత్రం నాటకం రాసేవాళ్లు లొంగకూడదు.