ఎముక కంటే ముందు పొర

హైదరాబాద్‌లో జియాలజీ చదివేవాళ్లకు చుట్టూ గుట్టలకు కొదవలేదు. కానీ అవి దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. భూమి లోపల శిలాద్రవం చల్లబడి గట్టిపడిన రాయిలో శిలాజం వెతకడం వృథా. బురద, ఇసుక పొరలుగా పేరుకుని గట్టిపడిన అవక్షేప శిల కావాలంటే పాత ఇళ్ల నేల చూడాలి. తాండూరు, షాబాద్ బండలు సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురదే.

సున్నపు బండల మీద ఒక్కోసారి నల్లటి చిన్న మొక్కల్లాంటి గీతలు కనిపిస్తాయి. కొత్త విద్యార్థి వాటిని ఆకు శిలాజమని రాసేస్తాడు. నిజానికి పగుళ్లలోకి చేరిన నీరు వదిలిన మాంగనీస్ ఆక్సైడ్ అది. ఈనె ఉండదు, ఆకు అంచు ఉండదు, గీతలన్నీ ఏదో ఒక పగులు నుంచి మొదలవుతాయి.

ప్రయోగశాలలో మొదటి పరీక్ష 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆసిడ్. ఒక వంతు గాఢ ఆసిడ్‌ను మూడు వంతుల నీళ్లలో పోయాలి, ఎప్పుడూ ఆసిడ్‌లో నీళ్లు పోయకూడదు. చుక్క వేస్తే సున్నపురాయి బుసబుస పొంగుతుంది. దాన్ని పోలిన డోలమైట్ రాయి దాదాపు కదలదు, గీకి పొడి చేసి వేస్తే మెల్లగా నురుగు వస్తుంది. ఇసుకరేణువుల మధ్య సున్నం జిగురుగా ఉన్న ఇసుకరాయి కూడా పొంగుతుంది కనుక, నురుగు ఒక్కటే చూసి పేరు పెట్టకూడదు. భూతద్దంతో రేణువులు చూశాకే పేరు.

తర్వాత థిన్ సెక్షన్: రాతి పలకను గాజు స్లైడుకు ఎపాక్సీతో అంటించి 0.03 మిల్లీమీటర్ల మందం వచ్చేదాకా అరగదీస్తారు. పోలరైజింగ్ మైక్రోస్కోపులో క్వార్ట్జ్ అనే ఖనిజం బూడిద రంగులో, లేదా లేత తెలుపులో కనిపించాలి. పసుపు కనిపిస్తే ఇంకా మందం ఉన్నట్టే. వదులుగా ఉన్న ఇసుకరాయికి ముందే రెజిన్ జిగురు పట్టించకపోతే రేణువులు ఊడి గుంతలు పడతాయి. వాటిని రాతిలోని అసలు రంధ్రాలని లెక్కేస్తే కొలతంతా తప్పే.

అయితే అసలు చదువు ఫీల్డులోనే. తెలంగాణ విద్యార్థికి అందుబాటులో ఉన్న మంచి బడి ప్రాణహిత–గోదావరి లోయ. అక్కడ పర్మియన్ కాలపు సింగరేణి బొగ్గు, గ్లాసోప్టెరిస్ అనే అంతరించిన మొక్క ఆకుల ముద్రలు, పైన ట్రయాసిక్ కాలపు మలేరి ఎర్ర బంకమట్టి, ఇంకా పైన జురాసిక్ కాలపు కోట పొరలు ఉంటాయి. కోట పొరల్లో యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలకే కోటాసారస్ అనే డైనోసార్ పేరు పెట్టారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన దాని అస్థిపంజరం ఒకే జంతువుది కాదు. పలు జంతువుల ఎముకలు కలిపి కట్టింది.

ఎర్ర మట్టి వాలు మీద ఎముక ముక్క దొరికితే జేబులో వేసుకోవాలనిపిస్తుంది. అక్కడే ఆగాలి. వాన కోసిన ముక్క పైనుంచి దొర్లి వచ్చి ఉండవచ్చు. వాలు వెంట ఎక్కుతూ ముక్కలు ఆగిపోయే చోటు వెతికి, దాని పొర ఏదో తేల్చాలి. పొర తెలియని ఎముకకు వయసు చెప్పలేం. ఆ పొర అడుగు నుంచి ఎన్ని సెంటీమీటర్ల ఎత్తులో దొరికిందో రాయాలి. నమూనా విడదీయకముందే దాని మీద పైవైపు బాణం గుర్తు గీయాలి. సంచిలో వేసే చీటీ తడికి చెరిగిపోతుంది, నంబరు రాతి మీద కూడా ఉండాలి.

డిప్, అంటే పొర ఎంత వాలి ఉందో కొలిచేటప్పుడు సుత్తి దిక్సూచి దగ్గర ఉంటే ముల్లు పక్కకు లాగుతుంది. ఇంతకంటే ఎక్కువగా జరిగే తప్పు మరొకటి. ప్రవాహం వేసిన ఏటవాలు గీతలను పొర వాలుగా కొలిచేయడం. అవి 20, 25 డిగ్రీలు వాలి ఉన్నా, అసలు పొర కొద్ది డిగ్రీలే వాలి ఉండవచ్చు. వాటి పైకొస సాధారణంగా కోసినట్టు ఉంటుంది, అడుగు మెల్లగా వంగి కలుస్తుంది. పొర తలకిందులైందో లేదో తేల్చేదీ అదే.

పెళుసు ఎముకకు అసిటోన్‌లో పలచగా కరిగించిన పారాలాయిడ్ బి-72 అనే రెజిన్ పూసి ఆరనివ్వాలి. తర్వాత తడి టిష్యూ కాగితం కప్పి, దాని మీదే ప్లాస్టర్ తడిపిన గోనెపట్టా చుట్టాలి. కాగితం మరిస్తే ప్లాస్టర్ ఎముకకు పట్టేసి, విప్పేటప్పుడు ఎముక పైపొరను పీకేస్తుంది.